లూసియానాలో అద్దె ఇల్లు: వరద మ్యాప్ నుంచి డిపాజిట్ తిరిగొచ్చేదాకా

టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు వెతికిన అలవాటుతో లూసియానాకు వచ్చేవాళ్ళు మొదట అద్దె చూస్తారు, తర్వాత జిమ్, స్విమ్మింగ్ పూల్, ఇండియన్ స్టోర్ ఎంత దూరమో చూస్తారు. ఈ రాష్ట్రంలో ఆ వరస మార్చుకోవాలి. ముందు నీళ్ళు, తర్వాత లీజు కాగితం, ఆ తర్వాతే మిగతావన్నీ. నీళ్ళ సంగతి వార్తల్లో చూసే ఉంటారు. లీజు సంగతి అంతగా తెలియదు. ఫ్రెంచి, స్పానిష్ పాలనల కాలం నుంచి వచ్చిన సివిల్ కోడ్ మీద నడిచే రాష్ట్రం ఇది. అద్దెకుండేవాళ్ళకు వేరే చాలా రాష్ట్రాల్లో చట్టం ఇచ్చే రక్షణలు ఇక్కడ చాలావరకు మీరు సంతకం పెట్టే కాగితం మీదే ఆధారపడి ఉంటాయి. చదువుకోవడానికి వచ్చినా, ఉద్యోగం మీద వచ్చినా, పిల్లలతో వచ్చినా ఈ రెండు విషయాలూ అందరికీ ఒకటే.

1. ముందు ఊరు తెలుసుకోండి

లూసియానా అంటే న్యూ ఆర్లీన్స్ ఒక్కటే కాదు. దక్షిణ భాగం కాథలిక్, ఫ్రెంచి, క్రియోల్ (వలస పాలన కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబాలు), కేజన్ (కెనడా నుంచి వచ్చిన ఫ్రెంచివాళ్ళ వారసులు) సంప్రదాయాలది. ఉత్తరాన ష్రీవ్‌పోర్ట్, మన్రో, రస్టన్ వైపు వెళితే పైన్ అడవులు, బాప్టిస్టు చర్చిలు, తక్కువ సందడి. అక్కడ తుఫాను భయం కూడా కొంత తక్కువే, టోర్నడోల భయం మాత్రం ఉంటుంది. రస్టన్‌లో లూసియానా టెక్, మన్రోలో యూఎల్ఎం (యూనివర్సిటీ ఆఫ్ లూసియానా మన్రో) ఉన్నాయి. రెండూ చిన్న ఊళ్ళు. క్యాంపస్ దగ్గర ఇల్లు దొరికితే మొదటి సెమిస్టర్ కారు లేకుండా నెట్టుకురావచ్చు.

బాటన్ రూజ్ రాజధాని. ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ), సదరన్ యూనివర్సిటీ, నది ఒడ్డున రిఫైనరీలు, రసాయన కర్మాగారాలు ఉన్న ఊరు. ఇక్కడ ఇల్లు తీసుకునేటప్పుడు ఐ-10 హైవే మీదున్న మిసిసిప్పి నది వంతెనను లెక్కలోకి తీసుకోండి. ఆఫీసు నదికి ఒకవైపు, ఇల్లు మరోవైపు అయితే మ్యాప్‌లో కనిపించే దూరానికి, రోజూ పట్టే సమయానికి పొంతన ఉండదు. ఎల్ఎస్‌యూ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షా రెండు వేల మందికి పైగా పడతారు. సొంత ఊళ్ళో మ్యాచ్ ఉన్న శనివారం నికల్సన్ డ్రైవ్ చుట్టుపక్కల కారు తీయకపోవడమే మంచిది.

లఫయెట్ కేజన్ సంస్కృతికి గుండెకాయ లాంటి ఊరు. 1755లో మొదలుపెట్టి బ్రిటిష్‌వాళ్ళు కెనడా తీరం నుంచి వెళ్ళగొట్టిన ఫ్రెంచి కుటుంబాల వారసులు ఈ ప్రాంతంలో స్థిరపడ్డారు. కరెంటు, నీళ్ళు, ఫైబర్ ఇంటర్నెట్ మూడింటినీ ఊరి ప్రభుత్వ సంస్థే ఇస్తుంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్ళకు కనెక్షన్ల పని తేలిక. యూఎల్ లఫయెట్‌లో చదువుకునే తెలుగు పిల్లలకు నేను ధైర్యంగా చెప్పే మాట ఒకటుంది: ఈ రాష్ట్రాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఊరు లేదు.

న్యూ ఆర్లీన్స్‌లో కారు లేకుండా బతకగలిగే పేటలు కొన్ని ఉన్నాయి. సెయింట్ చార్ల్స్ అవెన్యూ మీద ట్రామ్ లైను 1835 నుంచి నడుస్తోంది, ఇప్పటికీ జనం దాంట్లో ఆఫీసులకు వెళ్తారు. ట్రామ్‌కు నడిచి వెళ్ళే దూరంలో ఇల్లు దొరికితే కారు ఇన్సూరెన్స్ మిగులుతుంది. లూసియానాలో కారు ఇన్సూరెన్స్ దేశంలోనే బాగా ఖరీదైన వాటిలో ఒకటి. కుటుంబాలు ఎక్కువగా పక్కనే ఉన్న మెటైరీ, కెన్నర్‌ల వైపు వెళ్తాయి. అవి జెఫర్సన్ పారిష్‌లోకి వస్తాయి. ఈ రాష్ట్రంలో కౌంటీలు ఉండవు, 64 పారిష్‌లు ఉంటాయి. స్కూళ్ళు, చెత్త సేకరణ, తుఫాను వస్తే ఊరు ఖాళీ చేయమనే ఆదేశాలు పారిష్‌ను బట్టి మారతాయి. ఇంటి అడ్రసు ఏ పారిష్‌లోకి వస్తుందో మొదటి రోజే రాసి పెట్టుకోండి.

2. ఇల్లు చూడకముందే నీళ్ళు చూడండి

ఇల్లు నచ్చిన వెంటనే ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సాయం సంస్థ) వరద మ్యాప్ వెబ్‌సైటులో ఆ అడ్రసు వేసి చూడండి. ఉచితమే. ఇంగ్లిష్ A అక్షరంతో మొదలయ్యే జోన్ అయితే వరద ప్రమాదం ఎక్కువని అర్థం. ఎక్స్ (X) అయితే తక్కువ. కానీ ఎక్స్ జోన్ చూసి నిశ్చింతగా పడుకోవద్దు. 2016 ఆగస్టులో బాటన్ రూజ్, డెన్‌హమ్ స్ప్రింగ్స్ ప్రాంతాలను ముంచింది తుఫాను కాదు, ఉత్త వాన. రోజుల తరబడి ఒకేచోట కురిసింది. వరద ప్రమాదం తక్కువని మ్యాప్‌లో ఉన్న ఇళ్ళు కూడా ఎన్నో మునిగాయి. 2005 ఆగస్టు 29న కట్రీనా వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో గట్లు తెగి దాదాపు 80 శాతం ఊరు నీళ్ళలో ఉండిపోయింది. తర్వాత గట్లు బలపరిచారు. అయినా గట్టి వానకు పంపులు అందుకోలేక వీధుల్లో నీళ్ళు నిలవడం అక్కడ ఇప్పటికీ మామూలే.

మ్యాప్ తర్వాత కళ్ళతో చూడాల్సినవి ఉన్నాయి. వీలైతే పెద్ద వాన వెలిసిన గంటకు ఆ వీధికి వెళ్ళండి. రోడ్డు మీద నీళ్ళు ఎక్కడ నిలిచాయి, పార్కింగ్ లాట్‌లో ఏ మూల పల్లంగా ఉంది, డ్రెయిన్ల మీద ఆకులు పేరుకున్నాయా? ఇళ్ళ బయట పెట్టే ఏసీ యూనిట్లు నేల మీద ఉన్నాయా, లేక మనిషి నడుమెత్తు అరుగుల మీద ఉన్నాయా? వీధిలో అందరూ ఎత్తు మీద పెట్టుకున్నారంటే అక్కడికి నీళ్ళు వచ్చి వెళ్ళాయని లెక్క.

అన్నిటికంటే మంచి సమాచారం ఇచ్చేది పక్కింటివాళ్ళు. దక్షిణ లూసియానాలో సాయంత్రం పూట జనం ఇంటి ముందు పోర్చ్‌లో కూర్చుంటారు, కొత్తవాళ్ళతో కూడా ఇట్టే మాట కలుపుతారు. దారిన పోయేవాళ్ళను పలకరించకపోతేనే అక్కడ తప్పు. “గుడ్ ఈవెనింగ్” అని మొదలుపెట్టి, ఈ వీధికి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడగండి. మెట్లలో ఏ మెట్టు దాకా వచ్చాయో చేత్తో చూపించి మరీ చెబుతారు. మీరు చూస్తున్న ఇంటి యజమాని ఎంతకాలంగా రిపేర్లు చేయడం లేదో కూడా చెబుతారు. లీజింగ్ ఆఫీసులో దొరకని విషయాలివి.

పై అంతస్తు దొరికితే, అద్దె కొంచెం ఎక్కువైనా అదే తీసుకోమంటాను. సామాను దక్కుతుంది. కారు మాత్రం కిందే ఉంటుంది కాబట్టి పార్కింగ్ ఎత్తు కూడా చూసుకోండి. న్యూ ఆర్లీన్స్‌లో పెద్ద వాన హెచ్చరిక వస్తే రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండే గడ్డి పట్టీ మీదకు కార్లు ఎక్కిస్తారు. దాన్ని అక్కడ న్యూట్రల్ గ్రౌండ్ అంటారు. మామూలు రోజుల్లో అక్కడ పార్క్ చేస్తే టికెట్ రాస్తారు. వరద హెచ్చరికలప్పుడు నగరపాలక సంస్థ ఆ నిబంధన సడలిస్తూ ఉంటుంది. ప్రకటన వచ్చిందో లేదో ఫోన్‌లో చూసుకుని ఎక్కించండి.

3. ఏ రకం ఇల్లు

బాటన్ రూజ్, లఫయెట్‌లలో ఎక్కువగా దొరికేవి మామూలు కాంప్లెక్సులే. క్యాంపస్‌ల చుట్టూ గదికో లీజు ఇచ్చే స్టూడెంట్ కాంప్లెక్సులు ఉంటాయి. ఫర్నిచర్‌తో వస్తాయి, రూమ్‌మేట్ అద్దె ఎగ్గొట్టినా మీకు సంబంధం ఉండదు. అద్దె కాస్త ఎక్కువ. కొత్తగా వచ్చే విద్యార్థికి మొదటి సంవత్సరం అది పెట్టదగ్గ ఖర్చే.

న్యూ ఆర్లీన్స్ పాత ఇళ్ళది వేరే లోకం. షాట్‌గన్ ఇంట్లో గదులు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి, నడవా ఉండదు. చివర్లో ఉన్న వంటింటికి వెళ్ళాలంటే మధ్యలో ఉన్న పడకగదుల్లోంచే వెళ్ళాలి. భార్యాభర్తలకు బాగుంటుంది. ముగ్గురు రూమ్‌మేట్లు తీసుకుంటే మధ్య గదివాడికి మనశ్శాంతి ఉండదు. ఇలాంటి ఇంటిని నిలువుగా రెండు వాటాలు చేస్తే దాన్ని డబుల్ అంటారు, మధ్య గోడకు అవతలివాళ్ళ టీవీ వినిపిస్తుంది. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం కలిసిన రంగు గురించి యజమాని మీకు రాతపూర్వకంగా తెలపాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. చంటిపిల్లలుంటే కిటికీల దగ్గర పెచ్చులూడే రంగును తేలిగ్గా తీసుకోవద్దు.

4. కాగితాలు, డబ్బు

ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు), క్రెడిట్ స్కోరు లేని విద్యార్థులు ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం), పాస్‌పోర్టు, బ్యాంక్ స్టేట్‌మెంట్, అసిస్టెంట్‌షిప్ ఉంటే ఆ లెటర్ పంపితే చాలా కాంప్లెక్సులు ఒప్పుకుంటాయి. కొందరు గ్యారంటర్ కావాలంటారు, కొందరు డిపాజిట్ ఎక్కువ అడుగుతారు. డిపాజిట్ ఇంతకు మించకూడదని లూసియానా చట్టంలో పరిమితి లేదు. అద్దె పెంపు మీదా పరిమితి లేదు. అందుకే బేరం లీజు మీద సంతకానికి ముందే జరగాలి. అప్లికేషన్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు కాబట్టి ఒకేసారి ఐదు చోట్ల కట్టేయకండి.

యూనివర్సిటీ ఊళ్ళలో లీజులు ఎక్కువగా ఆగస్టులో మొదలవుతాయి. మంచివి వేసవికి ముందే అయిపోతాయి. ఇండియా నుంచి వెతుకుతుంటే, ఇల్లు చూడకుండా ఎవరికీ జెల్‌లో (Zelle, బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే సేవ) డబ్బు పంపవద్దు. అక్కడున్న సీనియర్‌ను పంపించి, కుళాయి తిప్పించి, ఏసీ వేయించి, వీడియో కాల్‌లో చూడండి.

5. ఇల్లు చూసేటప్పుడు ఏసీ అల్మారా తలుపు తీయండి

లూసియానా వేసవిలో ఎండకంటే గాలిలో తేమ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఏసీ ఇక్కడ గదిని చల్లబరచడంతో పాటు గాలిలోంచి నీళ్ళు పిండుతుంది. ఆ నీళ్ళు సన్నటి ప్లాస్టిక్ గొట్టం గుండా బయటికి పోవాలి. ఆ గొట్టంలో పాచి పట్టి పూడుకుపోతే నీళ్ళు వెనక్కి తన్ని ఇంట్లోకి వస్తాయి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పదే పదే వచ్చే రిపేరు ఇదే.

అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏసీ యంత్రం ఉన్న చిన్న అల్మారా తెరిపించండి. యంత్రం కింద ఒక పళ్ళెం ఉంటుంది. దాంట్లో నీళ్ళు నిలిచి ఉన్నా, తుప్పు గీత కనిపించినా, పక్కనున్న గోడ అడుగు ఉబ్బి రంగు లేచిపోయినా, ముక్కుకు తడిగుడ్డ వాసన తగిలినా ఆ ఇంట్లో నీళ్ళు కారిన చరిత్ర ఉన్నట్టే. బయట గోడకు వచ్చే గొట్టంలోంచి చుక్క చుక్కగా నీళ్ళు పడుతుంటే అది మంచి లక్షణం, ఏసీ సరిగ్గా పనిచేస్తోంది. ఫిల్టరు తీసి చూడండి. అది బూడిదరంగు దుప్పటిలా ఉంటే మెయింటెనెన్స్ ఎలా ఉంటుందో ఎవరినీ అడగక్కర్లేదు.

తర్వాత సింకు కింద, బాత్రూమ్ సీలింగులో, కిటికీ చట్రాల మూలల్లో నల్ల మచ్చలున్నాయేమో చూడండి. కొత్తగా వేసిన రంగు ఒక్కచోటే మెరుస్తుంటే దాని వెనక ఏముందో అడగండి. వంటింటి ఎగ్జాస్ట్ గాలిని బయటికి పంపుతుందా, లేక మళ్ళీ వంటింట్లోకే వదులుతుందా? మనవాళ్ళు తాలింపు వేస్తే పొగ అలారం మోగేది రెండో రకం ఇళ్ళలోనే. ఆ అడ్రసుకు నెలకు సగటున కరెంటు బిల్లు ఎంత వస్తోందో కూడా అడగండి. జూలై, ఆగస్టు నెలల్లో ఇన్సులేషన్ లేని పాత ఇంటి బిల్లు చూస్తే, తక్కువ అద్దెకు దొరికిందన్న సంతోషం పోతుంది.

6. లీజు చదవండి, చివరి పేజీ దాకా

నోటిమాట ఒప్పందం కూడా లూసియానాలో చెల్లుతుంది. అయినా రాతలో లేనిదేదీ లేనట్టే అనుకోండి. కింద చెప్పే అంశాలు లీజులో ఎక్కడున్నాయో వెతికి గుర్తు పెట్టుకోండి.

మొదటిది, ఖాళీ చేయించే నోటీసు. అద్దె కట్టకపోతే ఖాళీ చేయమని యజమాని 5 రోజుల నోటీసు ఇవ్వాలి. కానీ ఆ నోటీసు హక్కును నేను వదులుకుంటున్నాను అనే వాక్యం లీజులో పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది. చాలా లీజుల్లో అది ఉంటుంది. అలాంటి లీజు మీద సంతకం పెడితే యజమాని నోటీసు లేకుండా నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చు. కోర్టు కూడా ఈ కేసులను చాలా త్వరగా తేలుస్తుంది, తీర్పు తర్వాత ఇల్లు వదలడానికి 24 గంటలే ఉంటుంది. ఆ వాక్యం తీసేయమని అడగండి. చిన్న యజమానులు కొన్నిసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అద్దె తేదీ దాటకుండా ఆటో పే పెట్టుకోండి. కోర్టు తీర్పు లేకుండా తాళం మార్చే హక్కు మాత్రం యజమానికి లేదు.

రెండోది, రిపేర్లు. ఇంటిని ఉండటానికి పనికొచ్చేలా ఉంచడం యజమాని బాధ్యతేనని సివిల్ కోడ్ చెబుతుంది. అవసరమైన రిపేరు చేయమని మీరు అడిగాక తగినంత సమయంలో చేయకపోతే, న్యాయమైన ఖర్చుతో మీరే చేయించి అద్దెలోంచి తగ్గించుకునే హక్కు 2694వ అధికరణం ఇస్తుంది. ఇది బలమైన హక్కు. కానీ ముందు రాతపూర్వకంగా అడగాలి, ఆగాలి, ఫొటోలు, రసీదులు దాచాలి. లీజులో దీనికి అడ్డుగా ఏమైనా రాశారేమో కూడా చూడాలి. కోపంతో అద్దె మొత్తం ఆపేయడం ఈ రాష్ట్రంలో చాలా ప్రమాదం. పై పేరాలో చెప్పిన త్వరిత కోర్టు గుర్తుంచుకోండి. ఇంటి లోపాలకు బాధ్యత అద్దెకుండేవాళ్ళదే అనే షరతు కూడా కొన్ని లీజుల్లో ఉంటుంది, దాన్ని చట్టం చాలావరకు అనుమతిస్తుంది. అది కనిపిస్తే సంతకానికి ముందు ఇల్లంతా వీడియో తీయండి.

మూడోది, రూమ్‌మేట్లు. అందరూ కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే మొత్తం అద్దెకు ప్రతి ఒక్కరూ బాధ్యులే అని రాసి ఉంటుంది. లూసియానా లీజుల్లో ఇది “ఇన్ సాలిడో” అనే మాటతో కనిపిస్తుంది. స్నేహితుడు ఉద్యోగం వచ్చి కాలిఫోర్నియా వెళ్ళిపోతే అతని వాటా మిగిలినవాళ్ళ నుంచి వసూలు చేయవచ్చు. లీజు నిషేధించకపోతే సబ్‌లీజు ఇచ్చే (మీ ఇంటిని మీరే వేరొకరికి అద్దెకిచ్చే) హక్కు మీకుంది. కానీ ఎక్కువ లీజులు నిషేధిస్తాయి. ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళే విద్యార్థులు ఈ ఒక్క వాక్యం కోసమైనా లీజు చదవాలి.

నాలుగోది, గడువు ముగియడం. ఎవరూ నోటీసు ఇవ్వకుండా గడువు దాటాక వారం పాటు ఇంట్లోనే ఉంటే, ఏడాది లీజు నెలవారీ లీజుగా సాగుతుంది. అయితే 60 రోజుల ముందు చెప్పాలి, లేకపోతే మళ్ళీ ఏడాది అని కొన్ని లీజుల్లో రాసి ఉంటుంది. ఆ తేదీని సంతకం పెట్టిన రోజే క్యాలెండర్‌లో వేసుకోండి. మధ్యలో వదిలేస్తే మిగిలిన నెలల అద్దె మొత్తం ఒక్కసారే కట్టాలనే షరతు కూడా ఉందేమో చూడండి.

యజమాని ఇంట్లోకి రావాలంటే ఎంత ముందు చెప్పాలో రాష్ట్ర చట్టం చెప్పదు. 24 గంటల ముందు చెప్పాలని లీజులో చేర్పించుకోండి, అడిగితే ఎక్కువమంది కాదనరు.

7. రెండు ఇన్సూరెన్సులు కావాలి

రెంటర్స్ ఇన్సూరెన్స్ దొంగతనాన్ని, అగ్నిప్రమాదాన్ని చూసుకుంటుంది. వరదను చూసుకోదు. వరదకు వేరే పాలసీ ఉండాలి. ప్రభుత్వ వరద బీమా పథకం అద్దెకుండేవాళ్ళకు సామాను వరకు కూడా పాలసీ ఇస్తుంది, గరిష్ఠంగా 1,00,000 డాలర్లు. మామూలుగా కొన్న 30 రోజుల తర్వాత గానీ అమల్లోకి రాదు. తుఫాను టీవీలో కనిపించాక కొంటే ఉపయోగం ఉండదు. ఇంట్లో దిగిన వారంలోనే తీసుకోండి.

మనవాళ్ళకు ఇది ఇంకా ఎందుకు ముఖ్యమో చెప్పాలి. విపత్తు తర్వాత ఫెమా ఇచ్చే నగదు సాయం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు, చట్టంలో చెప్పిన మరికొన్ని వర్గాలకే వస్తుంది. ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఆ జాబితాలో లేరు. ఇక్కడ పుట్టిన పిల్లలుంటే వాళ్ళ తరఫున దరఖాస్తు చేయవచ్చు. పిల్లలు లేని విద్యార్థికి మునిగిన లాప్‌టాప్, మంచం, బట్టలు తిరిగి తెచ్చిపెట్టేది ఆ పాలసీ ఒక్కటే.

8. దిగిన మొదటి నెల

ఖాళీ ఇంట్లో ప్రతి గోడ, కార్పెట్, స్టవ్, బాత్‌టబ్ వీడియో తీసి ఆ రోజే యజమానికి ఈమెయిల్ చేయండి. కరెంటు మీ పేరు మీదకు మార్చుకోండి. ఆ బిల్లే అడ్రసు రుజువుగా పనికొస్తుంది. డ్రైవింగ్ లైసెన్స్ ఓఎంవీ (మోటారు వాహనాల శాఖ) ఆఫీసులో ఇస్తారు. లైసెన్స్ వచ్చాక ఎల్ఏ వాలెట్ యాప్‌లో వేసుకుంటే రాష్ట్రంలో పోలీసులకు ఫోన్‌లోనే చూపించవచ్చు. సేల్స్ టాక్స్ దేశంలోనే అతి ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి, ఊరి పన్నుతో కలిపితే చాలాచోట్ల 10 శాతం దగ్గర ఉంటుంది. పరుపు, టీవీ కొనేటప్పుడు ఆ లెక్క వేసుకోండి.

నీళ్ళ సంస్థ పంపే మెసేజ్‌లకు నమోదు చేసుకోండి. పైపుల్లో ప్రెషర్ పడిపోయినప్పుడు నీళ్ళు మరిగించి తాగమనే హెచ్చరిక వస్తుంది, ముఖ్యంగా న్యూ ఆర్లీన్స్‌లో. అప్పుడు బియ్యం కడిగినా, పళ్ళు తోముకున్నా మరిగించిన నీళ్ళే వాడాలి. ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు క్యాన్ల నీళ్ళు ఉంచుకోండి.

9. తేమ, పురుగులు

ఊరు వెళ్ళేటప్పుడు ఏసీ పూర్తిగా ఆపకండి. డిసెంబరులో అయితే సరే గానీ, జూన్‌లో నెల రోజులు ఇండియా వెళ్ళి ఏసీ ఆపేస్తే తిరిగొచ్చేసరికి తోలు చెప్పులకు, పట్టుచీరలకు, మంచం వెనక గోడకు బూజు పడుతుంది. 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర వదిలేసి వెళ్ళండి. ఏసీ నీళ్ళ గొట్టంలో నెలకోసారి ఒక కప్పు తెల్ల వెనిగర్ పోస్తే పాచి పట్టదు. పప్పులు, పిండి, రవ్వ బిగుతైన డబ్బాల్లో పెట్టండి.

మే నెలలో సాయంత్రం చీకటి పడే వేళ వీధిదీపాల చుట్టూ రెక్కల పురుగులు పొగలా కమ్ముతాయి. అవి ఫార్మోసన్ చెదలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడల్లో వచ్చిన సామానుతో ఈ తీరానికి చేరాయి. ఆ గంటసేపు జనం ఇంట్లో దీపాలు ఆర్పేసి, కర్టెన్లు వేసుకుంటారు. మీరూ అలాగే చేయండి. ఒకటి రెండు లోపలికి వస్తే టెన్షన్ అక్కర్లేదు. కిటికీ గడప మీద రాలిన రెక్కలు కుప్పగా కనిపిస్తే, గోడ మీద మట్టి గీతలు కనిపిస్తే మాత్రం ఫొటో తీసి యజమానికి వెంటనే రాయండి. వేలెడంత బొద్దింకలు ఇక్కడ ఎంత శుభ్రమైన ఇంట్లోకైనా వస్తాయి. పెస్ట్ కంట్రోల్ ఎవరి ఖర్చో లీజులో ఉండాలి.

10. పండగలు, తిండి, ఇరుగుపొరుగు

మార్డి గ్రా ఒక్క రోజు పండగ అనుకుంటారు. జనవరి 6న మొదలయ్యే సీజన్ అది, ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వచ్చే మంగళవారంతో ముగుస్తుంది. చివరి రెండు వారాలు న్యూ ఆర్లీన్స్‌లో పెరేడ్‌లు దాదాపు ఆగవు. సెయింట్ చార్ల్స్ పక్కన ఇల్లు తీసుకుంటే పెరేడ్ మీ గుమ్మం ముందే చూడవచ్చు. కానీ ఆ గంటల్లో కారు తీయడం కుదరదు, రూట్ మీద వదిలేసిన కారును టో చేస్తారు. నైట్ షిఫ్టు చేసే నర్సులు, డాక్టర్లు పెరేడ్ రూట్ల మ్యాప్ చూసుకుని, రూటుకు ఆసుపత్రి వైపునే ఇల్లు తీసుకోవడం మంచిది.

తిండి విషయంలో ఇది మనకు దగ్గరి రాష్ట్రం. అన్నం లేకుండా వాళ్ళకూ గడవదు. క్రౌలీ అనే ఊరి చుట్టుపక్కలంతా వరి పొలాలే, కోత తర్వాత చాలా మడుల్లో నీళ్ళు పెట్టి క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) పెంచుతారు. గంబో అనే చిక్కటి పులుసులో బెండకాయ వేస్తారు, కారం అంటే భయపడరు. శాకాహారులు మాత్రం జాగ్రత్త: సోమవారం ప్రతిచోటా కనిపించే రెడ్ బీన్స్ అండ్ రైస్ చూడ్డానికి రాజ్మాలా ఉంటుంది, దాంట్లో పంది మాంసం ఉడికి ఉంటుంది. ఆకుకూరల్లో కూడా అంతే. మాంసం ఉందా అని అడిగితే సాసేజ్‌ను లెక్కలోకి తీసుకోకుండా లేదనేవాళ్ళు ఉంటారు. హామ్, సాసేజ్, మాంసం రసం అని ఒక్కొక్కటీ విడిగా అడగండి.

వసంతంలో పక్కవాళ్ళు క్రాఫిష్ బాయిల్‌కు పిలుస్తారు. బల్ల మీద కాగితాలు పరిచి, ఉడికించిన క్రాఫిష్, మొక్కజొన్న, బంగాళాదుంపలు గుట్టగా పోసి అందరూ చుట్టూ నిలబడి తింటారు. తినకపోయినా వెళ్ళండి. తుఫాను వేళ మీ తలుపు తట్టేది ఆ బల్ల దగ్గర పరిచయమైనవాళ్ళే. మీ ఇంట్లో చేస్తే పొట్టును కవర్లో కట్టి చెత్తబండి వచ్చే రోజు దాకా ఫ్రీజర్‌లో పెట్టాలి. ఆ ఎండకు ఒక్క పూట బయట ఉంచితే కాంప్లెక్స్ మొత్తానికి వాసన తెలుస్తుంది.

11. జూన్ నుంచి నవంబరు దాకా

తుఫాను సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. పెద్దవి ఎక్కువగా ఆగస్టు చివర, సెప్టెంబరులో వస్తాయి. 2020లో లారా తుఫాను లేక్ చార్ల్స్ ఊరిని చితకగొట్టింది. 2021లో ఐడా తుఫాను దెబ్బకు న్యూ ఆర్లీన్స్‌కు కరెంటు తెచ్చే ఎనిమిది పెద్ద లైన్లూ పోయి, ఆ వేడిలో జనం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నారు. ఇల్లు మునగకపోయినా ఏసీ లేకుండా అక్కడ ఉండటం కష్టం, వృద్ధులకు ప్రాణాపాయం.

మే నెలాఖరుకే మూడు విషయాలు తేల్చుకోండి: ఎటు వెళ్తారు, ఎవరి కారులో, ఎక్కడ ఉంటారు. హ్యూస్టన్‌లో బంధువులుంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. అయితే తుఫాను పడమటి వైపు వస్తే హ్యూస్టన్ కూడా దారిలోనే ఉంటుంది, అందుకని ఉత్తరాన ష్రీవ్‌పోర్ట్ వైపో మిసిసిప్పి వైపో రెండో చోటు అనుకోండి. వెళ్ళమని ఆదేశం వచ్చేదాకా ఆగితే ఐ-10 మీద గంటలు గంటలు కూర్చోవాలి. ఒక రోజు ముందే బయల్దేరినవాళ్ళు హాయిగా వెళ్తారు. పాస్‌పోర్టు, ఐ-20 లేదా ఐ-797 (హెచ్-1బీ ఆమోద పత్రం), లీజు, ఇన్సూరెన్స్ పాలసీ నీళ్ళు తగలని కవర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. బయల్దేరే ముందు ఫ్రిజ్ ఖాళీ చేయండి, ఇల్లంతా మళ్ళీ వీడియో తీయండి.

తిరిగొచ్చాక ఇల్లు పూర్తిగా ధ్వంసమై ఉంటే సివిల్ కోడ్ ప్రకారం లీజు అక్కడితో ముగుస్తుంది. కొంత భాగమే పాడైతే అద్దె తగ్గించమనో లీజు రద్దు చేయమనో అడిగే హక్కుంది. చాలా లీజులు ఈ విషయంలో తమ సొంత షరతులు పెడతాయి కాబట్టి అవి చదివి, యజమానికి ఈమెయిల్‌లోనే రాయండి, ఫోన్‌లో తేల్చుకోవద్దు.

12. డిపాజిట్ వెనక్కి

ఖాళీ చేసే నోటీసు లీజులో చెప్పిన పద్ధతిలోనే ఇవ్వండి. నోటీసు ఇవ్వకుండా గానీ, గడువు ముగియకుండా గానీ వదిలేసి వెళ్ళినవాళ్ళకు డిపాజిట్ చట్టం రక్షణ ఉండదు. ఇల్లు శుభ్రం చేసి, దిగినప్పుడు తీసిన వరసలోనే వీడియో తీయండి. కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇండియా వెళ్ళిపోతుంటే ఇక్కడే ఉండే స్నేహితుడి అడ్రసు ఇవ్వండి, చెక్కు అక్కడికి వస్తుంది.

లీజు ముగిసిన నెలలోపు డిపాజిట్ తిరిగి ఇవ్వాలి. పట్టుకున్నదానికి ఏ ఖర్చు ఎంతో విడివిడిగా రాసిన జాబితా పంపాలి. గోడకు మేకు గుర్తులు, నడిచి నడిచి అరిగిన కార్పెట్ లాంటి మామూలు అరుగుదలకు డబ్బు పట్టుకోకూడదు. నెల దాటినా రాకపోతే తేదీ వేసి, ఎంత రావాలో రాసి, సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపండి. ఆ ఉత్తరం తర్వాత 30 రోజుల్లోనూ ఇవ్వకపోతే కావాలని ఎగ్గొట్టినట్టు చట్టం భావిస్తుంది. అప్పుడు అన్యాయంగా పట్టుకున్న డబ్బుతో పాటు 300 డాలర్లు లేదా ఆ మొత్తానికి రెట్టింపు, ఏది ఎక్కువైతే అది అడగవచ్చు. 5,000 డాలర్ల లోపు కేసులను జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులోనో, నగర కోర్టులోని చిన్న కేసుల విభాగంలోనో లాయరు లేకుండా వేసుకోవచ్చు. ఎక్కువసార్లు అంతదాకా పోదు. చట్టం నంబరు, ఆర్.ఎస్. 9:3251, పేర్కొంటూ వచ్చిన సర్టిఫైడ్ ఉత్తరం చూస్తే చెక్కు పంపే యజమానులు చాలామంది ఉన్నారు.